మమ్మల్ని ఏ గ్యాలరీలో కూర్చోమంటారు?

"ఫుట్‌బాల్ మీవాళ్ళదే కదా. మీవాళ్ళే రాకపోతే ఇంకెవరొస్తారు?"

గచ్చిబౌలి స్టేడియంలో ఖాళీ కుర్చీల మధ్య కూర్చున్నప్పుడు ఒక మిత్రుడు మమ్మల్ని అడిగిన ప్రశ్న ఇది. సెక్యులర్ మనిషి. మా పక్షాన నాలుగు మాటలు మాట్లాడేవాడు. మా ఇంట్లో రంజాన్‌కు షీర్‌ఖుర్మా తాగేవాడు. ఆ ప్రశ్నలో బాధే ఉంది, ద్వేషం లేదు. అయినా 'మీవాళ్ళు' అన్న మాట మాకు ముల్లులా గుచ్చుకుంది. ఎందుకంటే ఆ మాటను మేము చిన్నప్పటి నుంచీ వింటున్నాం. క్రికెట్ మ్యాచ్ రోజున "మీవాళ్ళు గెలిచిన్రు గదా, పటాకులు కాలుస్తున్రా?" అంటారు. ఆ 'మీవాళ్ళు' కరాచీలో ఉంటారు. ఫుట్‌బాల్ దగ్గరికొచ్చేసరికి 'మీవాళ్ళు' పాతబస్తీకి మారతారు. ఊరు మారింది గానీ మాట మారలేదు. మేము ఎప్పుడూ 'మీవాళ్ళ'మే. 'మనవాళ్ళు' ఎప్పుడవుతాం?

గ్యాలరీలు ఎందుకు ఖాళీ అవుతున్నాయో మాట్లాడాలంటే ఈ రెండు అక్షరాల తేడా దగ్గర్నుంచే మొదలుపెట్టాలి.

ముందు చరిత్ర చెప్పుకుందాం. మా చరిత్రని మేమే చెప్పుకోకపోతే సినిమావాళ్ళు చెప్పేదాకా ఎవరూ చెప్పరని తేలిపోయింది కదా. 1948 సెప్టెంబర్‌లో పోలీసు యాక్షన్ జరిగింది. హైదరాబాద్ ముస్లిం తలవంచుకుని నడిచిన రోజులవి. ఉద్యోగాలు పోయినవాళ్ళు, ఊళ్ళు విడిచినవాళ్ళు, మనుషుల్ని పోగొట్టుకున్నవాళ్ళు. సరిగ్గా రెండేళ్ళకు, 1950లో, అదే హైదరాబాద్ నుంచి సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టు బయలుదేరి డ్యూరాండ్ కప్పు గెల్చింది. బొంబాయి రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు ఎత్తుకొచ్చింది. ఆ జట్టును తయారుచేసినవాడు సయ్యద్ అబ్దుల్ రహీం. ఉస్మానియాలో చదివిన బడిపంతులు. పిల్లలు బలహీనమైన కాలితో కూడా తన్నడం నేర్చుకోవాలని, ఆ కాలితోనే ఆడే పోటీలు పెట్టినవాడు. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో బంగారు పతకం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తాలో మళ్ళీ బంగారం. మూడూ ఆయన శిక్షణలో వచ్చినవే. 1963 జూన్ 11న క్యాన్సర్‌తో పోయాడు. ఆయన తర్వాత ఆసియా క్రీడల బంగారం ఈ దేశం ఫుట్‌బాల్‌కు మళ్ళీ దక్కలేదు.

'ముస్లింల ఆట' అని ఇప్పుడు మా నెత్తిన పెడుతున్నారు గానీ, అది ఏనాడూ ఒక్క ముస్లింల ఆట కాదు. బస్తీల ఆట. నూర్ మొహమ్మద్, అజీజుద్దీన్, యూసుఫ్ ఖాన్ ఉన్న చోటనే అమ్ముగూడ బలరాం ఉన్నాడు. హైదరాబాద్‌లో పుట్టిన పీటర్ తంగరాజ్ ఉన్నాడు. ఆ తర్వాత హబీబ్, అక్బర్, నయీముద్దీన్, షబ్బీర్ అలీలు ఎదిగిన రోజుల వెనకాలే విక్టర్ అమల్‌రాజ్ వచ్చాడు. చెప్పుల్లేని కాళ్ళకు మతం ఎక్కడుంటుంది? దుమ్ములో దొర్లిన బంతి ఎవరి గల్లీ నుంచి వచ్చిందని ఎవరడుగుతారు?

మా అబ్బా తరం వికారాబాద్ నుంచి, తాండూరు నుంచి మ్యాచ్‌ల కోసం పట్నం పోయేది. పొద్దున ప్యాసింజర్ ఎక్కి, గుడ్డలో జొన్నరొట్టె, తొక్కు కట్టుకుని, నాంపల్లిలో దిగి ఫతే మైదాన్‌కు నడిచిపోయేది. తర్వాత ఆ మైదానానికి లాల్ బహదూర్ స్టేడియం అని పేరు పెట్టారు. అబ్బా మాత్రం చివరిదాకా ఫతే మైదాన్ అనే అన్నారు. సాయంత్రం ఆట ముగిస్తే రాత్రి బండికి ఇల్లు చేరేవారు. ఆ బండి ఒక నడిచే గ్యాలరీ. నాపరాయి గనుల్లో పనిచేసే కూలీ, రైల్వే గ్యాంగ్‌మన్, ఉర్దూ మీడియం టీచర్, కందుల వ్యాపారి గుమాస్తా ఒకే బెంచీ మీద కూర్చుని, ఎవడు గోల్ వదిలేశాడో శంకర్‌పల్లి దాకా పోట్లాడుకునేవారు. చూడడం అంటే అది. టికెట్ కొనడం కాదు. కలిసి పోవడం, కలిసి తిట్టుకోవడం, కలిసి తిరిగిరావడం.

ఇప్పుడు ఆ మనిషిని ఏం చేశారో చూడండి.

2019లో పుణె నుంచి ఒక ఫ్రాంచైజీ ఖాళీ అయితే దాని చోటులో హైదరాబాద్ ఎఫ్‌సీ అనే జట్టు పుట్టింది. గచ్చిబౌలి దాని ఇల్లన్నారు. మేము సంతోషించాం. మేమూ పోయాం. రెండో సీజన్ నుంచి కరోనా వచ్చి జట్టు రెండేళ్ళు గోవాలోనే ఆడింది. 2022 మార్చి 20న ఫతోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఛాంపియన్ అయింది. హైదరాబాద్ పేరుతో ఒక జట్టు దేశం గెలిచిన రాత్రి మా తాండూరులో ఒక హోటల్ టీవీ ముందు పదిమందిమి ఉన్నాం. అంతే. ఊరు నిద్రపోతోంది. ఆ జట్టులో మా గల్లీ పిల్లవాడొక్కడైనా ఉంటే ఊరు నిద్రపోయేదా?

ఆ తర్వాత సంగతి అందరికీ తెలుసు. జీతాలు అందలేదని ఆటగాళ్ళు వెళ్ళిపోయారు. కొత్తవాళ్ళను తీసుకోకుండా నిషేధం పడింది. 2023-24లో లీగ్‌లో అట్టడుగున మిగిలింది. 2024లో యజమాని మారాడు. 2025లో ఆ జట్టును పేరు మార్చి ఢిల్లీకి తీసుకుపోయారు. ఒక పట్నం గుండెకాయను దుకాణం బోర్డులా విప్పి ఇంకో పట్నంలో తగిలించారు. అభిమానిని ఎవరైనా ఒక్క మాట అడిగారా? ఇల్లు ఖాళీ చేసేటప్పుడు కిరాయిదారుకైనా నోటీసిస్తారు. గ్యాలరీలో కూర్చున్నవాడికి అదీ లేదు.

అయినా తప్పు మాత్రం ప్రేక్షకుడిదే! 2018 జూన్‌లో ముంబయిలో భారత్, చైనీస్ తైపీ మ్యాచ్‌కు వచ్చినవాళ్ళు 2,569 మంది. కెప్టెన్ సునీల్ ఛెత్రీ ఒక వీడియోలో ప్రజల్ని వేడుకున్నాడు: తిట్టడానికైనా సరే, స్టేడియంకు వచ్చి తిట్టండని. ఆ తర్వాత కెన్యాతో ఆటకు టికెట్లన్నీ అమ్ముడుపోయాయి. ఛెత్రీ నిజాయితీని మేము శంకించం. కానీ ఒక ఆట బతకడానికి కెప్టెన్ చేతులు జోడించాల్సి వచ్చిందంటే ఆ జబ్బు ప్రేక్షకుడి కాళ్ళలో లేదు, ఆటను నడిపేవాళ్ళ తలలో ఉంది. చేతులు జోడిస్తే ఒక్క రాత్రి వస్తారు. ప్రతి శనివారం రావాలంటే ఆట వాళ్ళ ఇంటి దగ్గర ఉండాలి.

లెక్క చూడండి. పెద్ద లీగ్ మ్యాచ్ రాత్రి 7.30కి మొదలయ్యేది. ఎందుకు? టీవీ కోసం. తొమ్మిదిన్నర దాటాక ముగుస్తుంది. తాండూరు మనిషి అప్పుడు గచ్చిబౌలి నుంచి లింగంపల్లి చేరి, బండి దొరికితే ఎక్కి, వంద కిలోమీటర్లు పోయి, పొద్దున్నే పాలిష్ మిషన్ దగ్గర నిలబడాలి. రోడ్డు మీద పోదామా అంటే చేవెళ్ళ దారి. 2025 నవంబర్ 3న తెల్లవారుజామున తాండూరు నుంచి బయలుదేరిన ఆర్టీసీ బస్సును మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్ ఢీకొంటే 19 మంది పోయిన దారి అది. ఆ దారిలోనే అజీజ్‌నగర్ దగ్గర శ్రీనిధి దక్కన్ జట్టు మైదానం ఉంది. ఐ-లీగ్‌లో వరసగా రెండు సీజన్లు, 2022-23లోనూ 2023-24లోనూ, రెండో స్థానంలో నిలిచిన జట్టది. వికారాబాద్ నుంచి పట్నం పోయే బస్సులు ఆ దారినే పోతాయి. బస్సులో ఉన్నవాళ్ళలో ఎంతమందికి ఆ సంగతి తెలుసు? తెలియకపోవడం వాళ్ళ నేరమా?

హాజరు తగ్గిందని రాసే పెద్దలు ఈ లెక్కలు రాయరు. 'యువతకు సెల్‌ఫోన్ పిచ్చి' అని రాస్తారు. 'ఇప్పటివాళ్ళు ఇంగ్లండ్ లీగ్ చూస్తున్నారు' అని రాస్తారు. నిజమే, చూస్తున్నారు. మా వికారాబాద్ పిల్లవాడు మాంచెస్టర్ చొక్కా వేసుకుని తిరుగుతాడు. మాంచెస్టర్ వాడి సెల్‌ఫోన్‌లో ఉంది. గచ్చిబౌలి అంతకన్నా దూరమైపోయింది.

ఇక రెండో సంగతి. అసలు మమ్మల్ని ఈ వ్యాసం రాయించిన సంగతి. మజాక్.

రెండు ఊళ్ళు ఆడుతుంటే మజాక్ ఉండాలి. మజాక్ లేని ఆట ఉప్పులేని పప్పు. మా చిన్నప్పుడు వికారాబాద్ జట్టు, తాండూరు జట్టు తలపడితే, వికారాబాద్ వాళ్ళు "ఏయ్ బండలోళ్ళు! కాళ్ళు గూడ బండలే గదరా, ఉరుకరాదు!" అని అరిచేవారు. తాండూరు వాళ్ళు ఊరుకుంటారా? "దమ్ము తీస్తున్నవేందిరా, పో, అనంతగిరి దవాఖానల మంచం ఖాళీ ఉంది!" అనేవారు. అనంతగిరిలో టీబీ దవాఖాన ఉంది కదా, అదీ దెబ్బ. ఓడినవాళ్ళు గెలిచినవాళ్ళకు చాయ్ పోయించాలి. ఆ చాయ్ దగ్గర మళ్ళీ అదే మజాక్. మాకు ఇప్పటికీ ఆ అరుపులు గుర్తొస్తే నవ్వొస్తుంది. ఎందుకంటే ఆ దెబ్బ తిరిగి కొట్టగలిగిన దెబ్బ. బండలోడన్నవాడి మీద మందు సీసా విసరొచ్చు. ఇద్దరూ ఒకే ఎత్తులో నిలబడి ఉన్నారు.

కొన్నేళ్ళ క్రితం అట్లాంటి మ్యాచ్‌లోనే ఇంకో అరుపు వినిపించింది. ఊరి పేరు, మైదానం పేరు చెప్పం. మావైపు పిల్లవాడు బంతి తీసుకుని ఎడమ పక్కనుంచి దూసుకుపోతుంటే గట్టు మీంచి ఒకడు అరిచాడు: "ఆపుండ్రా పాకిస్తానోన్ని!" నలుగురు నవ్వారు. పిల్లవాడి వయసు పదిహేను. బంతి వదిలేశాడు. ఎవరూ గుంజుకోలేదు, తనే వదిలేశాడు. ఆట అయ్యాక మేము అరిచినవాణ్ణి అడిగాం. "అరె అన్నా, మజాక్ గదా! ఆటల ఇవన్నీ ఉంటయ్" అన్నాడు. నిజంగానే ఆశ్చర్యపోయాడు, మేము బాధపడ్డందుకు.

అతనికి అప్పుడు చెప్పలేకపోయింది ఇప్పుడు చెబుతున్నాం. తమ్మీ, అది మజాక్ కాదు. మజాక్‌కు తిరుగు జవాబు ఉంటుంది. 'పాకిస్తానోడా' అంటే ఆ పిల్లవాడు తిరిగి నిన్ను ఏమనాలి? నీ ఊరిని అనొచ్చు, నీ కాళ్ళను అనొచ్చు, నీ గోల్‌కీపర్‌ను అనొచ్చు. నువ్వు మాత్రం వాడి ఊరిని అనలేదు. వాడికి ఊరే లేదన్నావు. ఆటలో ఓడించలేదు, మైదానం నుంచే వెళ్ళగొట్టావు. ఆ పిల్లవాడు ఇప్పుడు ఆడడం లేదు. నాపరాయి ఫ్యాక్టరీలో రాళ్ళు మోస్తున్నాడు. 'మీవాళ్ళు ఎందుకు రావడం లేదు' అన్న మిత్రుడా, ఒకడు ఎందుకు రావడం లేదో నీకు చెప్పాం.

ఇది ఒక్క గట్టు మీది మాట కాదు. 2021 అక్టోబర్ 24న దుబాయ్‌లో భారత్ పాకిస్తాన్ చేతిలో ఓడితే పదకొండుమందీ ఓడారు. దేశద్రోహి అనిపించుకున్నది మాత్రం మొహమ్మద్ షమీ ఒక్కడే. అదే ఏడాది జులైలో యూరో ఫైనల్లో ఇంగ్లండ్ తరఫున పెనాల్టీలు పోగొట్టిన ముగ్గురు నల్లజాతి కుర్రాళ్ళు రాష్‌ఫర్డ్, సాంచో, సాకాలను సొంత దేశంవాళ్ళే తిట్టారు. 2023 మేలో వాలెన్సియా మైదానంలో వినీసియస్‌ను కోతి అన్నారు. అక్కడా 'ఆటలో ఇవన్నీ ఉంటాయి' అన్నవాళ్ళు ఉన్నారు. గెలిస్తే దేశం బిడ్డ, ఓడితే పరాయి బిడ్డ. ఈ సూత్రం తెల్లవాడిదీ కాదు, మనదీ కాదు. బలవంతుడిది.

కలకత్తాను చూడండి. అక్కడ మజాక్ మనకన్నా ముదురు. తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన శరణార్థుల జట్టని ఈస్ట్ బెంగాల్‌ను ముళ్ళకంచె దాటొచ్చినవాళ్ళని మోహన్ బగాన్‌వాళ్ళు ఎద్దేవా చేస్తారు. 2020 జనవరిలో పౌరసత్వ చట్టం గొడవ రగులుతున్నప్పుడు ఈస్ట్ బెంగాల్ అభిమానులు గ్యాలరీలో ఒక పెద్ద బ్యానర్ ఎత్తారు. ఈ నేలను నెత్తురిచ్చి కొన్నాం, కాగితాలతో కాదు అని దాని భావం. తిట్టుకు గ్యాలరీ ఇచ్చిన జవాబు అది. వాళ్ళకు గ్యాలరీ ఉంది కనుక జవాబివ్వగలిగారు. అదే కలకత్తాలో మొహమ్మడన్ స్పోర్టింగ్ ఉంది. 1934లో కలకత్తా లీగ్ గెలిచిన తొలి భారతీయ జట్టు. 1934 నుంచి 1938 దాకా వరసగా ఐదేళ్ళు గెలిచింది. దాని పేరు చూసి అదొక మతం జట్టని పక్కకు నెట్టేవాళ్ళున్నారు. దాని చొక్కా వేసుకున్నవాళ్ళలో అన్ని మతాలవాళ్ళూ ఉన్నారు. మా హబీబ్ ఈస్ట్ బెంగాల్‌కు ఆడాడు, మోహన్ బగాన్‌కు ఆడాడు, మొహమ్మడన్‌కు ఆడాడు. 1977 సెప్టెంబర్‌లో పెలే ఆడిన కాస్మాస్ జట్టు మీద మోహన్ బగాన్‌కు గోల్ కొట్టాడు. మూడు గ్యాలరీలూ ఆయన్ని మావాడన్నాయి. 2023 ఆగస్టు 15న హైదరాబాద్‌లో కన్నుమూశాడు. జెండా ఎగరేసిన రోజునే. ఆయన దేశభక్తికి ఎవరికైనా ఇంకా కాగితం కావాలా?

ఇంకో సంగతి. 1962 జకార్తా ఫైనల్లో స్టేడియం మొత్తం భారత్‌కు వ్యతిరేకం. ఇజ్రాయెల్, తైవాన్‌లను రానివ్వలేదని మన అధికారి ఒకాయన విమర్శించాడని అక్కడి జనానికి కోపం. లక్ష గొంతులు ఎగతాళి చేస్తుంటే గ్యాలరీలో మనవాళ్ళ కోసం చప్పట్లు కొట్టింది పాకిస్తాన్ హాకీ జట్టు. రహీం జట్టు కొరియాను 2-1తో ఓడించింది. దేశ విభజనలో అన్నీ పోగొట్టుకుని వచ్చిన జర్నైల్ సింగ్ తలకు కట్టుతో ఆడి ఒక గోల్ కొట్టాడు. ఆనాటి చప్పట్లు ఏ దేశానివి? ఏ మతానివి? మా పిల్లలకు ఈ కథను ఏ పాఠ్యపుస్తకమైనా చెప్పిందా?

ఇక మా ఇంటి సంగతి కూడా చెప్పుకోవాలి. చెప్పకపోతే ఈ కోపానికి విలువ లేదు. మా పెద్దలు ఫుట్‌బాల్‌ను ఆవారాగాళ్ళ ఆట అన్నారు. ఆడపిల్ల మైదానం వైపు చూస్తేనే ముఖం చిట్లించాం. రహీం సాబ్ పేరు చెప్పి గుండెలు చరుచుకుంటాం గానీ, మా దూదేకుల పిల్లవాడు, మా ఖసాబ్ పిల్లవాడు బూట్లు కొనుక్కోలేకపోతే షరీఫుల ఇళ్ళ నుంచి పది రూపాయలు రాలవు. అవతలి బస్తీ జట్టులోని దళిత పిల్లవాణ్ణి కులం పేరుతో పిలిచిన నోళ్ళు మావైపు గట్టు మీద కూడా ఉన్నాయి. మాకు తగిలితే విషం, మేము విసిరితే మజాకా? ఇది ఒప్పుకోనంతకాలం మేము న్యాయం అడగడానికి సగం మనుషులమే.

సెక్యులర్ మిత్రులారా, ఇప్పుడు మీతో ఒక మాట. 2024లో రహీం మీద 'మైదాన్' అనే హిందీ సినిమా వచ్చింది. చూసి మీ కళ్ళు చెమర్చాయి. మాకూ చెమర్చాయి. 'చూశారా, ముస్లింలు దేశానికి ఎంత చేశారో' అన్నారు. ఇక్కడే మాకు పేచీ. పతకం తెస్తేనే మేము ఈ దేశంవాళ్ళమని రుజువవుతుందా? మాకు రహీం విగ్రహం వద్దు, రుజువుగా అసలే వద్దు. ఎడమ పక్కనుంచి దూసుకుపోయే పదిహేనేళ్ళ పిల్లవాడు గోల్ తప్పినా సరే, ఆ సాయంత్రం ఇంటికి ఈ ఊరివాడుగానే పోవాలి. ఓడిపోయే హక్కు లేనివాడికి ఆడే హక్కు లేనట్టే.

అందుకే మేము అడిగేవి చిన్నవి. 2016లో వికారాబాద్ జిల్లా అయింది. కలెక్టరేట్ వచ్చింది. జిల్లాకో పచ్చని మైదానం, తాండూరులో ఒకటి, పరిగిలో ఒకటి, కొడంగల్‌లో ఒకటి ఉంచండి. వాటిని సభలకు, వాహనాల పార్కింగ్‌కు ఇవ్వకండి. ఊరు ఊరితో ఆడే జిల్లా లీగ్ పెట్టండి. పట్నంలో ఆట పెడితే చివరి బండి దొరికే వేళకు ముగించండి. 2024 డిసెంబర్‌లో సంతోష్ ట్రోఫీ హైదరాబాద్‌లో జరిగింది. డిసెంబర్ 31న గచ్చిబౌలిలో బెంగాల్ కేరళను 1-0తో ఓడించి కప్పు తీసుకుపోయింది. 1956, 1957లలో హైదరాబాద్, 1965లో ఆంధ్రప్రదేశ్ గెలిచిన కప్పది. మన ఇంట్లో జరిగిన పెళ్ళికి మనల్నే పిలవనట్టయింది. బడి పిల్లల్ని నాలుగు బస్సుల్లో తీసుకుపోతే ఏం పోయేది? ఇక గట్టు మీద నిలబడేవాళ్ళకు ఒకే నియమం: తిరిగి జవాబు చెప్పలేని తిట్టు తిట్టకండి. పక్కవాడు తిడితే మీరు నవ్వకండి. ఆ రోజు అరిచినవాడు ఒక్కడే. మమ్మల్ని మైదానం నుంచి పంపేసింది ఆ నలుగురి నవ్వు.

గ్యాలరీ ఖాళీగా ఉందంటున్నారు. అది ఒక్కరోజులో ఖాళీ కాలేదు. ఉద్యోగాలిచ్చి ఆటగాళ్ళను పోషించిన జట్లు పోయినప్పుడు కొంత, ఫతే మైదాన్ నుంచి ఆట ఊరవతలకు పోయినప్పుడు కొంత, టీవీ గడియారానికి ఆటను కట్టేసినప్పుడు కొంత, గట్టు మీంచి ఆ అరుపు వినిపించినప్పుడు కొంత ఖాళీ అయింది. నింపాలంటే ఆ వరసలోనే వెనక్కి రావాలి.

మేము వస్తాం. తాండూరు నుంచి వస్తాం, వికారాబాద్ నుంచి వస్తాం, జొన్నరొట్టె కట్టుకుని వస్తాం. బండలోళ్ళమని తిట్టండి, పడతాం. దవాఖాన మంచం పేరు చెప్పి మేమూ తిడతాం. ఓడితే చాయ్ పోయిస్తాం. మమ్మల్ని మాత్రం 'మీవాళ్ళ' గ్యాలరీలో కూర్చోమనకండి. ఆ గ్యాలరీ మేము కట్టింది కాదు.